ఇంజను పరుగెత్తును, పడవ కదలదు: ప్రొపెల్లరు దెబ్బను గుర్తించుట ఎట్లు?

తెల్లవారకముందే ఒడ్డు విడిచిన ఫైబరు పడవ యొకటి, కెరటములు విరుగు చోటును దాటి నాలుగైదు మైళ్లు పోయిన పిమ్మట సముద్రములో నిలిచిపోయినది. ఇంజను ఆగలేదు. పైగా ఎన్నడును లేనంత బిగ్గరగా మ్రోగుచుండెను. మీట త్రిప్పినకొలది మ్రోత హెచ్చుచున్నదే కాని పడవ ముందునకు సాగలేదు. బాగుగా తగ్గించి నడిపినపుడు మాత్రము పాకినట్లు కదలినది. గాలి ఒడ్డువైపునకు వీచుచుండుట ఆ నలుగురి అదృష్టము. ప్రొద్దు నడినెత్తికి వచ్చునప్పటికి వారు ఊరు చేరిరి.

మేము ఆ పడవను చూచునప్పటికి మరి పదిదినములు గడచినవి. ఈ మధ్యకాలములో కార్బురేటరును రెండుమారులు విప్పి కడిగిరి. ప్లగ్గులు మార్చిరి. పిస్టను రింగులు కూడ క్రొత్తవి వేసిరి. పది దినముల వేట పోయినది, అప్పు పెరిగినది, జబ్బు మాత్రము అట్లే నిలిచినది. తుదకు తేలినదేమన, దోషము ఇంజనులో లేనేలేదు. నీటిలో మునిగియుండు ప్రొపెల్లరు నడుమ, ఎవరి కంటికిని కనబడని చోట, ఒక రబ్బరు బుష్షు జారిపోయినది.

మన కోస్తా జిల్లాలలో తెడ్డునకును తెరచాపకును మారుగా మోటారు వచ్చిన పడవలు నేడు అసంఖ్యాకములు. మోటారు చెడినదన్నంతనే మన చూపు పైనున్న ఇంజనుమీదికే పోవును. చప్పుడు అక్కడినుండియే వచ్చును గదా! కాని పడవను నెట్టునది ఇంజను కాదు, ప్రొపెల్లరు. ఇంజనును విప్పుటకు పూర్వము ప్రొపెల్లరును పరీక్షించుటకు పట్టు కాలము అరగంట, అగు ఖర్చు దాదాపు శూన్యము. ఆ అరగంటలో ఏమేమి చూడవలెనో ఇచట వివరింపదలచితిమి.

ప్రొపెల్లరును కొందరు ఫ్యాను అందురు, కొందరు పంకా అందురు. పేరేదైనను దాని పని గాలి విసరుట వంటిది కాదు. మరమేకు చెక్కలోనికి దిగినట్లు అది నీటిలోనికి దిగును. మరమేకును ఒక చుట్టు త్రిప్పిన ఎంత లోనికి దిగునో, ప్రొపెల్లరు ఒక చుట్టులో అంత ముందునకు పోవలెనని లెక్క. ఈ దూరమునే పిచ్ అందురు. ప్రొపెల్లరుమీద సాధారణముగా రెండు అంకెలు గుర్తువేయబడి యుండును. మొదటిది రెక్కల కొనలు గీయు వృత్తము యొక్క వ్యాసము, రెండవది పిచ్, రెండును అంగుళములలోనే. పిచ్ 9 అంగుళములు, ఇంజను నిమిషమునకు 5,000 చుట్లు, గేరుపెట్టెలో ఆ వేగము సగమగుననుకొందము. అప్పుడు ప్రొపెల్లరు నిమిషమునకు 2,500 చుట్లు, అనగా సెకనుకు నలుబదికి పైగా తిరుగును. లెక్క ప్రకారము పడవ గంటకు 34 కిలోమీటర్లు పోవలెను. కాని నీరు చెక్క వలె గట్టిది కాదు, కొంత జారును. వలలతోను మంచుగడ్డలతోను మనుషులతోను నిండిన వేటపడవ ఆ లెక్కలో సగమైనను పోకపోవచ్చును. ఈ జారుడు ఎల్లప్పుడును ఉండునదే. అది ఉన్నట్టుండి పెరిగినప్పుడే మనము అనుమానింపవలెను.

మన బండిచక్రమునకు వలెనే ప్రొపెల్లరునకు నడుమ కుంభి, చుట్టును రెక్కలు ఉండును. అయితే పడవ మోటారు కుంభిలో బండికి లేని యేర్పాటొకటి కలదు. మిక్కిలి చిన్న మోటార్లలో ప్రొపెల్లరును షాఫ్టుతో కలుపునది ఒక మెత్తని లోహపు పిన్ను. రెక్క రాతికి తగిలిన ఆ పిన్ను తెగిపోవును, లోపలి గేరులు బ్రతుకును. అంతకు పెద్ద మోటార్లలో పిన్నునకు బదులు కుంభి లోపల రబ్బరు బుష్షు బిగింపబడి యుండును. గేరు వేసినప్పటి కుదుపును, దుంగ తగిలినప్పటి దెబ్బను అది తాను మ్రింగును. తెగుటకును జారుటకును పుట్టిన వస్తువులివి. అవి చెడినచో మోటారు చెడినదని కాదు, మోటారును కాపాడినవని అర్థము.

ఇక లక్షణముల సంగతి. ఇంజను పరుగెత్తుచు పడవ కదలనప్పుడు ముందుగా, ఎప్పుడెప్పుడు అట్లగుచున్నదో గమనింపవలెను. ముందునకు వేసినను వెనుకకు వేసినను పడవ కొంచెమైనను కదలనిచో పిన్ను తెగియుండును. ఇంజను ఆపి, గేరు వేసియుంచి, ప్రొపెల్లరును చేతితో త్రిప్పిన అది అడ్డులేక తిరుగును. నెమ్మదిగా పోవునప్పుడు బాగుగనేయుండి, మీట ఒక హద్దు దాటినంతనే జారుచున్నచో అది బుష్షు జబ్బు. ఆ హద్దు దినదినము క్రిందికి దిగుచుండుట దీని ముఖ్య చిహ్నము. మొన్న ముప్పాతిక వేగము వరకు పనిచేసినది, నిన్న సగము వరకే పనిచేయును. చేతితో త్రిప్పి చూచినచో మాత్రము ఏమియు తెలియదు, ఏలయన చేతిబలమునకు జారునంత వదులు అందులో ఉండదు. పైని చెప్పిన పడవవారు మోసపోయినది ఇచటనే. ప్రొపెల్లరు బిగువుగానున్నదని వారు పదిమారులు త్రిప్పి చూచి, ఇంజనుమీద పడిరి.

దీనిని పట్టుటకు మంచి ఉపాయమొకటి కలదు. ప్రొపెల్లరును ఊడదీసి కుంభి వెనుకవైపు చూడుడు. నడుమ పండ్లుగల లోహపు గొట్టము, దాని చుట్టును రబ్బరు, ఆపైన కుంభి గోడ కనబడును. గొట్టము నుండి గోడ వరకు మూటిమీదుగా రంగుతో ఒకే తిన్నని గీత గీయవలెను. రంగు ఆరిన పిదప బిగించి, పడవలో మామూలు బరువు వేసి, వేగముగా కొంతదూరము నడిపి మరల ఊడదీయవలెను. గీత గీతగనే యున్నచో బుష్షు మంచిది. లోపలి గీతయు వెలుపలి గీతయు వేర్వేరు చోట్లకు పోయినచో బుష్షు జారుచున్నది. ఇందులో సందేహమునకు తావు లేదు. ప్రొపెల్లరు క్రొత్తదిగా నున్నప్పుడే ఈ గీత గీచి యుంచుట ఇంకను మేలు.

సముద్రములో నున్నప్పుడు బుష్షు జారినదని తోచినచో మీట పెంచి లాభము లేదు. జారుడు వలన వేడి పుట్టి, మిగిలిన రబ్బరు కూడ కరగును. పట్టు నిలుచునంత వేగముననే, ఎంత ఆలస్యమైనను, తిన్నగా ఒడ్డునకు రావలెను.

గేరులోని పండ్లు అరిగినప్పుడు కూడ ఇంజను ఉన్నట్టుండి పరుగెత్తును. కాని అప్పుడు క్రిందినుండి టకటకమని కొట్టుకొను చప్పుడు వచ్చును. బుష్షు చప్పుడు చేయక జారును. చప్పుడున్నచో మెకానిక్కు నొద్దకు పోవుట తప్పదు.

రెక్కలు నీటికి బదులు గాలిని పట్టినప్పుడును ఇంజను ఇట్లే మ్రోగును. ఇది జబ్బు కాదు, అమరిక దోషము. పడవ మలుపు తిరుగునప్పుడో, కెరటము శిఖరమునకు ఎక్కినప్పుడో ఇట్లగును. మీట తగ్గించినంతనే సర్దుకొనును. ప్రొపెల్లరునకు పైన అడ్డముగా నుండు పలకను చూడుడు. అది పడవ అడుగుతో సమముగానో, సుమారు ఒక అంగుళము క్రిందుగానో ఉండవలెను. మోటారును ఎత్తుగా బిగించినచో గాలి లోనికి పీల్చబడును. ఔట్‌బోర్డు మోటార్లు 15 అంగుళముల పొట్టి కాలితోను, 20 అంగుళముల పొడుగు కాలితోను దొరకును. ఎత్తైన వెనుకచెక్కగల పడవకు పొట్టికాలి మోటారు తగిలించిన ఈ బాధ వదలదు. అనేక మోటార్లలో పొగ కుంభి గుండ వెనుకకు పోవును. కుంభి వెనుక అంచు విరిగియున్నచో ఆ పొగనే రెక్కలు పట్టును.

నీటిని గూర్చిన మరియొక వింత కలదు. రెక్క మరీ వడిగా తిరిగినచో దాని వీపుమీద ఒత్తిడి తగ్గి, చల్లని నీరే ఆవిరి బుడగలుగా ఉడుకును. ఆ బుడగలు పగులునప్పుడు రెక్కమీద సుత్తిదెబ్బల వలె తగులును. ఆవిరి టర్బైను యంత్రమును రూపొందించిన చార్లెస్ పార్సన్సు అను బ్రిటిషు ఇంజనీరు 1894లో టర్బీనియా అను ఓడను నీటికి దింపెను. యంత్రమున ఎంత బలమున్నను ఓడ అనుకొన్న వేగము నందలేదు. ప్రొపెల్లరు బుడగలలో తిరుగుచున్నదని తెలిసికొని, ఒక షాఫ్టునకు బదులు మూడింటిని పెట్టి, ఒక్కొక్కదానికి మూడేసి ప్రొపెల్లర్లు తగిలించిన పిమ్మటనే అది 34 నాట్ల వేగము నందుకొన్నది. అంతటివాడును యంత్రమును విడిచి ప్రొపెల్లరునే పరిశీలింపవలసి వచ్చినది. మన పడవలలో ఈ బుడగలు సాధారణముగా అంచు చెదరిన రెక్కమీద పుట్టును. చిల్లి వెనుకగా లోహము గరుకెక్కి, పురుగు కొరికినట్లు చిన్న గుంటలు పడియున్నచో అది బుడగల పని. రెక్క యంతటను తెల్లని పొడితో గుంటలున్నచో అది ఉప్పునీటి తుప్పు. మోటారునకు బిగించియున్న జింకు ముక్క అరిగిపోయినదేమో చూడవలెను. అల్యూమినియమునకు బదులుగా తాను అరుగుటకే ఆ ముక్క ఉన్నది. అందముకొరకు దానిమీద రంగు వేయువారున్నారు. రంగు వేసిన జింకు పనిచేయదు.

ఇప్పటివరకు ఇంజను పరుగెత్తు జబ్బులు చెప్పితిమి. దీనికి విరుద్ధముగా ఇంజను అణగిపోయి, రొప్పుచు, వేగమెత్తలేకపోవుటయు కలదు. వల, త్రాడు, ప్లాస్టిక్ సంచి రెక్కలకు చుట్టుకొనినచో ఇట్లగును. పడవ అడుగున గుల్లలు, నాచు పట్టినను, బరువు మించినను, పడవకు తగని పెద్ద పిచ్ గల ప్రొపెల్లరు వేసినను ఇదే లక్షణము. పిచ్ ఒక అంగుళము పెరిగిన ఇంజను వేగము నిమిషమునకు 150 నుండి 200 చుట్ల వరకు తగ్గునని సాధారణపు లెక్క. వేరొక పెద్ద పడవ ప్రొపెల్లరును చవుకగా దొరికినదని తెచ్చి బిగించినవారు ఇంజను బలము తగ్గినదని వాపోవుట మేము చూచితిమి. ఇంజను దోషమా ప్రొపెల్లరు దోషమా తేలనప్పుడు, అదే మోటారు గల పొరుగువాని పడవనుండి మంచి ప్రొపెల్లరును ఒక పూట అరువు తెచ్చి వేసి చూచుటకు మించిన పరీక్ష లేదు. దానితోను పడవ రొప్పుచున్నచో, అడుగును శుభ్రపరచి చూచి, అప్పుడు ఇంజనును విప్పవచ్చును.

వణకును తేలికగా తీసికొనరాదు. చేతిపిడి జలదరించుచున్నదనిన మూడు రెక్కలును సమముగా లేవన్నమాట. ఒకటి వంగియుండును, లేదా కొన విరిగియుండును. పరీక్షకు ఒక పుల్ల చాలును. దానిని మోటారు కాలికి కట్టి, మొన ఒక రెక్క కొనను తాకీ తాకనట్లు నిలిపి, ప్రొపెల్లరును మెల్లగా త్రిప్పవలెను. ఒక రెక్క మాత్రము పుల్లకు దూరముగానో దగ్గరగానో పోయినచో ఆ రెక్క వంగినది. పిదప ప్రొపెల్లరును ఊడదీసి, పుల్లను షాఫ్టు కొనయొద్దకు తెచ్చి, షాఫ్టును త్రిప్పి చూడవలెను. షాఫ్టే ఊగుచున్నచో క్రొత్త ప్రొపెల్లరు కొనుట వృథా. వంగిన షాఫ్టు దానిని కూడ వణికించును, లోపలి సీలును బేరింగులను తినివేయును. ఊడదీసిన ప్రొపెల్లరును చదునైన బల్లమీద పరుండబెట్టి, ఒక్కొక్క రెక్క ముందంచు బల్లకు ఎంత ఎత్తున నున్నదో కొలిచినను భేదము తెలియును. రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తేడా యున్నచో దానిని సరిచేయువాని కిచ్చుట మంచిది.

ఇసుకతీరములలో మరియొక నష్టము కలదు. అది ఒక్క దినమున జరుగునది కాదు. ఒడ్డు చేరునప్పుడు మోటారును సకాలమున పైకెత్తక, లోతులేని నీటిలో తిరుగనిచ్చినచో ఇసుక రెక్కల అంచులను ఆకురాయి వలె అరుగదీయును. అంచులు పలుచనై, కొనలు గుండ్రమై, వ్యాసము తగ్గును. పడవ నెలకు కొంత చొప్పున వేగము కోల్పోవును గాన ఎవరును గమనింపరు. దీనికి ప్రొపెల్లరు క్రొత్తదిగా నున్నప్పుడే ఒక రెక్కను అట్టమీద పరచి ఆకారము గీచి దాచుకొనవలెను. నేడు చాలమంది చేతిలో జి.పి.యస్. పరికరముండును. గాలి, కెరటము తక్కువగా నున్న ఒకనాడు, మామూలు బరువుతో, పూర్తి వేగమున పడవ గంటకెంత పోవుచున్నదో చూచి ఒక పుస్తకములో వ్రాసికొనినచో, ఆరునెలల పిమ్మట ఆ అంకె చాల సంగతులు చెప్పును.

దెబ్బతిన్నదానినెల్ల పారవేయనక్కరలేదు. అంచులలోని చిన్న చెదరులను ఆకురాయితో నునుపు చేసికొనవచ్చును. అయితే ఒక రెక్కను మాత్రమే అరుగదీసి వణకు తెచ్చుకొనరాదు. కొంచెము వంగిన అల్యూమినియము రెక్కను ఒకమారు సరిచేయవచ్చును. మరల మరల సుత్తితో కొట్టినచో అది పెళుసెక్కి నడిసముద్రములో విరుగును. రెక్క మొదట, కుంభికి అంటు చోట, వెండ్రుకంత పగులు కనబడినను దానిని మరి వాడరాదు. కిరోసిను పూసి తుడిచి, సుద్దపొడి చల్లినచో పగులులోని కిరోసిను గీత వలె పొడిలోనికి ఊరును. స్టెయిన్‌లెస్ స్టీలు ప్రొపెల్లరు గట్టిది, వేగముగ పోవును. కాని రాతికి తగిలినప్పుడు అది వంగదు కనుక దెబ్బను గేరులమీదికి పంపును. ఇసుకమీదికి ఎక్కించు పడవలకు అల్యూమినియమే తగినదని మా అభిప్రాయము.

పొడవైన కడ్డీ చివర ప్రొపెల్లరు గల లాంగ్ టెయిల్ ఇంజన్లు వాడువారికి నీటి క్రింద గేరుపెట్టె గొడవ లేదు. వణకు, చెదరు, పగులు, అరుగుదల వీనిని గూర్చి చెప్పినదంతయు వారికిని వర్తించును.

ఈ పరీక్షలలో దేనికైనను చేయి పెట్టుటకు ముందు ఇంజనును ఆపి, గేరును నడిమికి తెచ్చి, ప్లగ్గు తీగను ఊడదీయవలెను. గేరులోనున్న మోటారు ప్రొపెల్లరును చేతితో త్రిప్పినచో, వేడి ఇంజను ఒక్క పేలుడుతో కదలవచ్చును. ఆ ఒక్క చుట్టు వ్రేళ్లను తీసికొనిపోవుటకు చాలును. వల విడదీయుటకు మనిషి నీటిలోనికి దిగినప్పుడు, తీగను ఊడదీసినవాడు దానిని తన చేతిలోనే పట్టుకొని కూర్చుండుట మంచిది. నట్టును విప్పునప్పుడు రెక్కను చేతితో పట్టరాదు. రెక్కకును పై పలకకును నడుమ ఒక చెక్కముక్కను అడ్డుపెట్టవలెను.

ఊడదీసినప్పుడు వాషర్లను వచ్చిన వరుసలోనే ఒక గుడ్డమీద పేర్చుకొనవలెను. ప్రొపెల్లరునకు లోపలివైపున నుండు మందపు వాషరును మరచినచో కుంభి గేరుపెట్టెకు రాచుకొనును. షాఫ్టు పండ్లకు గ్రీజు పట్టింపనిచో ఉప్పు పట్టి, మరుసటిమారు ప్రొపెల్లరు ఊడిరాదు. విప్పిన స్ప్లిట్ పిన్నును మరల వంచి వాడక క్రొత్తది వేయవలెను. పదునైదు రూపాయలైనను కాని ఆ వస్తువు తెగినందువలన నట్టుతో కూడ ప్రొపెల్లరు సముద్రము పాలగుట కలదు.

ఆ మందపు వాషరు వెనుక తప్పక చూడవలసినదొకటి కలదు. సన్నని నైలాను దారము షాఫ్టునకు చుట్టుకొని, వెలుపలికి కనబడక, వేడికి కరగి, ఆయిల్ సీలును కోయును. రెక్కలలో లోపమేమియు ఉండదు, పడవ బాగుగనే పోవును, కాని గేరుపెట్టెలోనికి చుక్క చుక్కగా ఉప్పునీరు దిగును. వలలమధ్య తిరుగు పడవలకు ఇది సామాన్యము. మోటారును ఒక రాత్రి నిలువుగా నుంచి, ఉదయము అడుగు స్క్రూను కొంచెము వదులు చేసి చూడవలెను. ముందుగా నీరు కారినను, నూనె పాలు కలిపిన కాఫీ రంగున నున్నను సీలు పోయినదని తెలియవలెను. నూనెలో మెరయు లోహపు రజను ఎక్కువగా నున్నచో గేరులును అరుగుచున్నవి.

మన తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషేధింపబడి యుండును. మోటార్లను బాగుచేయుట ఆ రోజులలోనే జరుగును. అయితే చాలమంది గేరు నూనెను జూన్ నెలలో, పడవను దింపబోవు ముందు మార్చుదురు. సీలు తెగి నీరు దిగియున్నచో ఆ నీరు రెండు నెలలు గేరులమీద నిలిచి తుప్పు పట్టించును. నూనె తీసి చూడవలసినది, సీలు మార్చి క్రొత్త నూనె పోయవలసినది పడవ ఒడ్డెక్కిన వారములోనే.